కాలికి బుద్ధి

మన మాటల్లో పరుగంటే పారిపోవడమే.
కాలికి బుద్ధి చెప్పాడంటారు, పిక్కబలం చూపించాడంటారు,
వెనకాల అప్పులాళ్లెవరో తరుముకొస్తున్నట్టు.
నన్నెవరూ తరమలేదు.
పర్లాకిమిడి స్టేడియం ముందు మార్గశిర మంచులో
నాలుగొందల పన్నెండో నంబరు
గుండెల మీద నాలుగు పిన్నీసులతో గుచ్చుకుని
నాకు నేనే వెళ్లి నిలబడ్డాను.

ఇరవై రెండేళ్లు కుట్టుమిషను తొక్కిన కాలిది.
ఎనిమిదడుగుల కొట్టు దాటకుండా
ఎన్ని ఊళ్లు తిరిగినంత తిరిగిందో!
నేను కుట్టిన పెళ్లిజాకెట్లు బరంపురం వెళ్లాయి, రాయగడ వెళ్లాయి.
కాలు మాత్రం పెడలు మీదే.

"మోపెడ్డుండగా కాళ్లరగదీసుకోడం ఏటే?"
అన్న దాలినాయుడే
హేండిలుకి మజ్జిగ సీసాలు కట్టుకుని
ముందుకెళ్లి ఆగడం, మళ్లీ ముందుకెళ్లి ఆగడం.
మొగుడిలా కాదు, మైలురాయిలా.

నాకు ఎడంపక్క కుముదిని, షుగరు తగ్గాలని మొదలెట్టి
షుగరు సంగతి మర్చిపోయిన మనిషి.
కుడిపక్క ఎస్తేరు, ఉదయగిరి కొండల పిల్ల.
బూట్లు తాళ్లతో మెళ్లో వేలాడేసుకుని
ఒట్టికాళ్లతో, మాకోసం నెమ్మదిగా,
గిత్తని ఎద్దుతో కాడి కట్టినట్టు.

కాశీనగర్ రాకముందే
నీలం డ్రమ్ము చుట్టూ తిరిగి వెనక్కి మళ్లాం.
ఎండ అప్పటిదాకా వీపున ఉంది, ఇప్పుడు కళ్లలో.
కోసేసిన వరిమళ్లలో కుప్పల నీడలు పొట్టిపడుతున్నాయి.
ఇరవయ్యారో రాయి దగ్గర సూది విరిగింది.
పిక్కలో.
ముక్క లోపలే ఉండిపోయింది.

అడుగు వేస్తే గుచ్చుతుంది, వెయ్యకపోతే సలుపుతుంది.
నేనేం అనలేదు.
కుముదిని లెక్క మొదలెట్టింది: ఎకొ, దుయి, తిని, చారి.
అయిదు, ఆరు, నావి.
గుల్జి, తంజి, ఎస్తేరువి.
ఎనిమిది అడుగులకి మూడు భాషలు.
మళ్లీ ఎకొ.
నొప్పి ఏ భాషలో అడుగుతుందో తెలీక
కాసేపు ఊరుకుంది పాపం.

ముప్పై మూడు దగ్గర మాత్రం నా వల్ల కాలేదు.
కల్వర్టు గట్టు మీద కూలబడ్డాను.
కుముదిని పక్కనే కూర్చుని, తీరిగ్గా బూటు విప్పింది.
మేజోడు ఎర్రగా అతుక్కుపోయి ఉంది.
గోరు నేరేడుపండులా నల్లగా ఉంది.
"ఎప్పట్నుంచే?"
"పద్దెనిమిది నుంచి."
"చెప్పవేం?"
"నువ్వు చెప్పేవేంటి?"
నవ్వొచ్చింది. నవ్వితే పిక్క పట్టేసింది.
ఏడుస్తూ నవ్వాం ఇద్దరం.
ఎస్తేరు నా కాలు ఒళ్లో పెట్టుకుని
తడిసిన తాడు పిండినట్టు పిండింది.
దాలినాయుడు వచ్చాడు. ఏమీ అనలేదు.
టీ బడ్డీ దగ్గర మోపెడ్డు తాళం వేసి,
హవాయి చెప్పులు, పైకి మడిచిన పేంటుతో
మా వరసలో నిలబడ్డాడు.
"పదండి మరి" అన్నాడు,
మధ్యాన్నం బస్సుకి టైమైనట్టు.

ఆ తరవాతదాన్ని పరుగు అనలేను.
ఒకరు కుంటితే ముగ్గురూ కుంటి అడుగు వేశాం.
నలుగురిలో చెప్పుల చప్పుడే గట్టిది.
దార్లో చెరుకు బండివాడు దిగి
గడ తుంచి చేతికిచ్చాడు.
నములుతూ ఒక కిలోమీటరు గడిచింది,
చెప్తే నమ్మరు.

మేం చేరేసరికి గేటు దగ్గర పందిరి విప్పేస్తున్నారు.
గడియారం ఆపేశారు.
గెల అడుగున రెండు అరటిపళ్లు మిగిలాయి, మచ్చలవి.
నలుగురం పంచుకున్నాం.
నంబరు పిన్నీసులు తీసి డబ్బాలో వేసుకున్నాను.
కొట్లోకి పనికొస్తాయి.

సోమవారం పొద్దున్న మిషను ముందు కూర్చున్నాను.
పెడలు మీద పెడితే కాలు దానంతటది వణికింది.
కుట్టు కొంచెం వంకరగా పోయింది,
చంక కింద, కనపడని చోట.
విప్పి మళ్లీ కుట్టాలి నిజానికి.
కుట్టలేదు.
కుముదిని జాకెట్టే కదా.